సందేహం దేని మీద?

ఈ పూట టీకాల గురించి మాట్లాడుకుందాం. ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. టీకా వేయించుకోని వాళ్ళని మందలించడానికి ఈ మైకు ముందు కూర్చోలేదు. మన ఇళ్ళలో తరచూ వినిపించే ఒక సందేహాన్ని కాస్త విడదీసి చూద్దామని వచ్చాను.

టీకా అనగానే చాలామందికి లోపల ఏదో గుబులు. సరే, ఆ గుబులు దేని మీద? సీసాలో ఉన్న మందు మీదా? ఆ మందు వేసే చేతి మీదా? లేకపోతే, వేయించుకుని తీరాల్సిందే అనే మాట మీదా? మందు, చెయ్యి, బలవంతం. ఈ మూడూ వేరువేరు. మూడింటికీ జవాబు చెప్పాల్సిన మనుషులు కూడా వేరు. అన్నీ కలగాపులగం చేసి "నాకు టీకాలంటే నమ్మకం లేదండీ" అనేశామనుకోండి, ఇక మనకి ఎవరూ జవాబు చెప్పలేరు.

మనకి దగ్గర్లోనే జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. సమోవా. ఇక్కడ న్యూజిలాండ్‌లో, వెల్లింగ్టన్ పక్కనే ఉన్న మన పోరిరువాలో ఎన్ని సమోవా కుటుంబాలు ఉన్నాయో మీకు తెలుసు. పిల్లల స్కూల్లో, బస్సులో, ఆస్పత్రిలో రోజూ కనిపించే మనుషులు. వాళ్ళ దేశం జనాభా అటూఇటూగా రెండు లక్షలు. దాదాపు మన వెల్లింగ్టన్ నగరం అంత.

2018 జూలైలో అక్కడ సవాయి అనే ద్వీపంలో, ఒక ఆస్పత్రిలో, ఇద్దరు ఏడాది పిల్లలకి ఎంఎంఆర్ టీకా వేశారు. నిమిషాల్లో ఇద్దరూ చనిపోయారు. ఒకే ఆస్పత్రి. ఒకే రోజు. ఒకే టీకా. ఆ వార్త విన్న తల్లి ఏమనుకుంటుంది? ఆ చోట మనమే ఉంటే ఏమనుకుంటాం?

ఎంఎంఆర్ అంటే మూడు జబ్బులకి కలిపి వేసే టీకా. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా. ఇక్కడి డాక్టర్లు మీజిల్స్ అనేది మన తట్టునే. ఈ టీకా పొడిగా వస్తుంది. వేసే ముందు శుభ్రమైన నీళ్ళలో కలిపి సిరంజిలోకి ఎక్కిస్తారు. ఆ రోజు ఆ నర్సులు పొడిలో కలిపింది నీళ్ళు కాదు. ఆపరేషన్ల సమయంలో మత్తు డాక్టర్లు కండరాలు సడలడానికి వాడే మందు. అదీ గడువు దాటిపోయిన మందు. కండరాలు సడలిపోయాక పసిబిడ్డ ఊపిరి ఎలా తీసుకుంటుంది? నర్సులిద్దరూ కోర్టులో తప్పు ఒప్పుకున్నారు. 2019 ఆగస్టులో ఐదేళ్ళ జైలుశిక్ష పడింది.

అంటే తప్పు మందులో లేదు. చేతిలో ఉంది. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. తప్పు మందులో లేదు, చేతిలో ఉంది.

కానీ అది తేలేలోపు ఏం జరిగింది? ప్రభుత్వం ఎంఎంఆర్ టీకానే ఆపేసింది. నెలల తరబడి ఆపేసింది. తిరిగి మొదలుపెట్టినా, మునుపటిలా తల్లులు రాలేదు. 2018 లెక్క చూస్తే, టీకా పడాల్సిన పిల్లల్లో మూడో వంతుకి కూడా పడలేదు. సరిగ్గా ఆ అదను చూసుకుని వచ్చినట్టు తట్టు వచ్చింది. ఎక్కడి నుంచి? ఇక్కడి నుంచే. న్యూజిలాండ్ నుంచే. 2019లో ఈ దేశంలో 2,000 పైగా తట్టు కేసులు వచ్చాయి. ఎక్కువ భాగం ఆక్లండ్‌లో. విమానం ఎక్కిన మనిషితో పాటు జబ్బు కూడా ఎక్కింది. సమోవాలో 5,700 మందికి పైగా సోకింది. 83 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఐదేళ్ళు నిండని పిల్లలు.

మళ్ళీ చెబుతున్నాను. మన వెల్లింగ్టన్ అంత జనం ఉన్న దేశం. కొద్ది నెలల్లో 83 చావులు. ఎక్కువ చిన్నపిల్లలవి.

ఆ ఏడాది డిసెంబరు 5, 6 తేదీల్లో సమోవా ప్రభుత్వం ఆఫీసులు, దుకాణాలు అన్నీ మూయించింది. టీకా పడనివాళ్ళు ఇంట్లో ఉంటే గుమ్మం ముందు ఎర్రగుడ్డ కట్టమంది. నర్సుల బృందాలు ఎర్రగుడ్డ కనిపించిన ఇంటికల్లా వెళ్ళాయి. న్యూజిలాండ్ నుంచి కూడా నర్సులు వెళ్ళారు. ఆ నెల తిరిగేసరికి నూటికి 95 మంది దాకా టీకా పడింది. అంతకుముందు ఏడాది ఏ సూది పేరు చెబితే వణికిపోయారో, ఆ సూది కోసమే జనం వీధి వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇక్కడ ఒక పక్కమాట. సమోవా వాళ్ళకి న్యూజిలాండ్ మాట మీద గుడ్డి నమ్మకం లేకపోతే, దానికి పాత కారణం ఒకటి ఉంది. 1918 నవంబరులో తలూన్ అనే ఓడ ఆక్లండ్ నుంచి ఆపియా రేవుకి వెళ్ళింది. ఇన్‌ఫ్లూయెంజా మోసుకెళ్ళింది. అప్పుడు సమోవాని పాలిస్తున్నది న్యూజిలాండే. జబ్బుపడ్డ ప్రయాణికులు ఉన్నా ఓడని విడిగా నిలిపి ఉంచలేదు. దాదాపు 8,500 మంది పోయారు. ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా. 2002లో ప్రధాని హెలెన్ క్లార్క్ వెళ్ళి ఆ పాలనలో జరిగినవాటికి క్షమాపణ చెప్పారు. ఇంత చరిత్ర మోస్తున్న మనుషులు అనుమానపడితే, అది తెలివితక్కువతనం అని నేను అనలేను.

మరి మనకి లేదా అలాంటి చరిత్ర? ఉంది. ఖమ్మంలో ఉంది.

2009. అప్పటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ప్రాజెక్టు. దాదాపు 14,000 మంది పిల్లలు. వాళ్ళలో ఎందరో గిరిజన కుటుంబాల పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు.

తర్వాత కొందరు అమ్మాయిలు చనిపోయారన్న వార్త బయటికి వచ్చింది. గొడవ పెద్దదైంది. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. విచారణ జరిగింది. ఖమ్మంలో ఐదు మరణాలు. కారణాలు ఏమిటి? మలేరియా, పాముకాటు, నీళ్ళలో మునిగిపోవడం, పురుగుమందు తాగడం. టీకాకీ ఆ చావులకీ సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ తేల్చింది.

అయితే అదే విచారణలో ఇంకో సంగతి బయటపడింది. నా దృష్టిలో అదే పెద్ద సంగతి. ఎంతోమంది పిల్లల అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల సంతకం లేదు. హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. పిల్లకి ఏ సూది వేస్తున్నారో ఊళ్ళో ఉన్న అమ్మకి, నాన్నకి తెలియదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది.

గమనించండి. ఇక్కడా తప్పు మందులో లేదు. చేతిలో ఉంది. అడగని చేతిలో ఉంది. సమోవాలో సీసా మీద రాసి ఉన్న పేరు చదవలేదు. ఖమ్మంలో తల్లిదండ్రుల్ని అడగలేదు. రెండు చోట్లా నింద మాత్రం మందు మీద పడింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మన దగ్గర ఎవరైనా హెచ్‌పీవీ అంటే, అవతలివాళ్ళు ఖమ్మం అనేవాళ్ళు.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. వెల్లింగ్టన్‌లో మీ అమ్మాయో అబ్బాయో ఇయర్ 8లోకి వస్తే, స్కూలు నుంచి ఒక ఫారం వస్తుంది. హెచ్‌పీవీ టీకాకి మీ అనుమతి అడిగే ఫారం. మగపిల్లలకి కూడా. ఆ వైరస్ వాళ్ళకీ సోకుతుంది, వాళ్ళకీ కొన్ని క్యాన్సర్లు తెస్తుంది. చాలా ఇళ్ళలో ఆ కాగితం బ్యాగులోనే నలిగిపోతుంది. "పన్నెండేళ్ళ పిల్లకి ఇప్పటి నుంచే ఇదేమిటి?" అని అమ్మమ్మ ఫోన్‌లో అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కూడా సూటిగానే ఉంది. వైరస్ ఒంట్లోకి రాకముందు వేస్తేనే ఈ టీకా బాగా పనిచేస్తుంది. వచ్చాక వేస్తే ఆ వైరస్‌ని తరిమెయ్యదు. అందుకే ముందే వేస్తారు. పిల్ల నడవడిక మీద అనుమానంతో వేసేది కాదు.

ఆ ఫారం మీద ఎస్ అని పెడతారా, నో అని పెడతారా, అది మీ ఇష్టం. కానీ చదవండి. ఏదో ఒకటి రాసి పంపండి. ఖమ్మంలో ఆ తల్లిదండ్రులకి దక్కని కాగితం అది.

సరే, చేతి సంగతి చెప్పుకున్నాం. మందు సంగతి ఏమిటి?

మళ్ళీ ఎంఎంఆర్‌నే తీసుకుందాం. అందులో ఉండేది బలహీనపరిచిన వైరస్. జబ్బు తెచ్చేంత సత్తువ దానికి ఉండదు. ఒంటికి శత్రువుని గుర్తుపట్టడం నేర్పుతుంది, అంతే. దీనివల్ల ఇబ్బందులు లేవా? ఉన్నాయి. టీకా వేసిన వారం, పది రోజులకి కొందరు పిల్లలకి జ్వరం వస్తుంది. కొందరికి ఒంటి మీద పేలినట్టు వస్తుంది. జ్వరం ఎక్కువై ఫిట్స్ రావడం దాదాపు మూడు వేల డోసులకి ఒకసారి జరుగుతుంది. చూసిన తల్లికి గుండె ఆగినంత పని అవుతుంది. కానీ ఆ ఫిట్స్ వల్ల పిల్లకి ముందుముందు లోపం ఏదీ మిగలదు. ఒళ్ళంతా ఒక్కసారి తిరగబడే తీవ్రమైన అలర్జీ అయితే దాదాపు పది లక్షల డోసులకి ఒకసారి వస్తుంది. టీకా వేశాక కాసేపు అక్కడే కూర్చోబెట్టేది అందుకే. అలర్జీ వస్తే సాధారణంగా ఆ కాసేపట్లోనే వస్తుంది, విరుగుడు మందు నర్సు చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది.

ఇక తట్టు జబ్బు మాటేమిటి? వెయ్యిమందికి వస్తే ఒకరికి మెదడువాపు. వెయ్యిమందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా చావు. పైగా తట్టు వచ్చి తగ్గిన పిల్లల ఒళ్ళు, పాత జబ్బుల మీద అంతకుముందు సంపాదించుకున్న రక్షణని కూడా కొంత పోగొట్టుకుంటుంది. ఇది ఈమధ్యే తేలిన విషయం.

ఇక్కడ అత్తయ్యగారు ఒక మాట అంటారు. "మా చిన్నప్పుడు తట్టు రానిదెవరికి? వేపాకు మీద పడుకోబెట్టేవాళ్ళు, తగ్గిపోయేది. మేం బతికి లేమా?" ఆవిడ చెప్పేది అబద్ధం కాదు. బతికినవాళ్ళే కదా ఆ మాట చెప్పగలిగేది. ఆవిడ్ని ఇంకొక్క ప్రశ్న అడిగి చూడండి. మీ అమ్మగారికి ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది దక్కారు? ఆ తరం ఇళ్ళలో ఈ రెండు అంకెలూ ఒకటి కాకపోవడం మామూలే. అన్నీ తట్టు వల్లే అని కాదు. కానీ తట్టుకి అందులో వాటా ఉంది.

ఆటిజం సంగతి కూడా చెప్పుకోవాలి. వాట్సాప్‌లో తరచూ తిరిగేది ఇదే. 1998లో ఇంగ్లండ్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండు మంది పిల్లల్ని చూసి, ఎంఎంఆర్‌కీ ఆటిజానికీ ముడిపెడుతూ లాన్సెట్ పత్రికలో రాశాడు. పన్నెండు మంది. 2010లో ఆ పత్రికే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఆయన పేరుని డాక్టర్ల పట్టిక నుంచి కొట్టేశారు. 2019లో డెన్మార్క్ వాళ్ళు ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లల లెక్క తీశారు. టీకా పడినవాళ్ళకీ పడనివాళ్ళకీ ఆటిజంలో తేడా లేదు. మరి ఈ మాట ఎందుకు చావడం లేదు? ఆటిజం గుర్తులు తల్లిదండ్రుల కంట పడేది సాధారణంగా రెండో ఏడులో. ఎంఎంఆర్ పడేదీ ఆ రోజుల్లోనే. రెండూ పక్కపక్కనే కనిపిస్తే ఒకదాని వల్ల ఇంకోటి వచ్చిందని మనసు ముడేస్తుంది. బాధలో ఉన్న మనసు మరీ గట్టిగా ముడేస్తుంది.

మన శాకాహార కుటుంబాలు అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇందులో జంతువుల నుంచి తీసినవి ఏమైనా ఉన్నాయా అని. నర్సు ఏమనుకుంటుందో అని చాలామంది అడగరు. అడగండి. ఇక్కడ వాడే ప్రియోరిక్స్ అనే ఎంఎంఆర్ టీకాలో జెలటిన్ లేదు. అయితే తట్టు వైరస్‌ని కోడి పిండం కణాల్లో పెంచుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిర్ణయం మీది.

కోవిడ్ టీకా గురించి మాట్లాడకుండా దాటేస్తే మీరు ఊరుకోరు. ఫైజర్ టీకా వల్ల అరుదుగా గుండె కండరం వాస్తుంది, ముఖ్యంగా కుర్రవాళ్ళలో. ఇది పుకారు కాదు. నిజం. 2021 ఆగస్టు చివర్లో ఒక మహిళ మరణానికి ఈ టీకా కారణమై ఉండొచ్చని ఇక్కడి ఆరోగ్య శాఖ తనే ప్రకటించింది. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళ యువకుడి మరణం విషయంలోనూ అదే తేలింది. లక్షల డోసుల్లో అవి బహు అరుదు. కానీ ఆ ఇంటివాళ్ళకి అది అరుదు కాదు. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే డాక్టర్ దగ్గరకి వెళ్ళాలన్న మాట టీకా వేయించుకున్న ప్రతి ఒక్కరికీ అర్థమయ్యేలా చెప్పి ఉండాల్సింది. ఇప్పటికీ ఏ టీకా తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా, మందుల భద్రత చూసే మెడ్‌సేఫ్‌కి మీరే నేరుగా తెలియజేయొచ్చు. డాక్టర్ ద్వారానే వెళ్ళాలని లేదు. టీకా వల్ల హాని జరిగిందని తేలితే ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థ పరిహారం ఇస్తుంది. తప్పు ఎవరిదో రుజువు చేయమని అడగదు. ఈ రెండు సంగతులూ మన తెలుగువాళ్ళలో చాలామందికి తెలియవు.

ఇక మూడోది. బలవంతం.

2022 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో లాంబ్టన్ కీ వైపు వెళ్ళినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పార్లమెంటు ముందు పచ్చిక మీద గుడారాలు. వీధుల నిండా అడ్డంగా నిలిపిన వ్యాన్లు. టీకా వేయించుకుని తీరాలన్న ఆజ్ఞని వ్యతిరేకిస్తూ వచ్చినవాళ్ళు మూడు వారాలకి పైగా అలాగే ఉన్నారు. అప్పటి స్పీకర్ ట్రెవర్ మల్లార్డ్ వాళ్ళ మీద నీళ్ళు చిమ్మే యంత్రాలు తిప్పించి, లౌడ్ స్పీకర్లలో పాటలు మోగించాడు. అలా చేస్తే లేచిపోతారనుకున్నాడు కాబోలు. వాళ్ళు కాలవలు తవ్వుకుని, గడ్డి పరుచుకుని కూర్చున్నారు. మార్చి 2న పోలీసులు ఖాళీ చేయించారు. చెట్ల కింద మంటలు, రాళ్ళు, పిల్లలు ఆడుకునే జారుడుబల్ల కాలిపోవడం, అంతా టీవీలో చూశాం.

ఆ గుంపులో రకరకాల మనుషులున్నారు. చంపుతామని బెదిరించినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని నేను సమర్థించను. అయితే టీకా వద్దన్నందుకు ఉద్యోగం పోయిన టీచర్లు, నర్సులు కూడా ఉన్నారు. వాళ్ళ కోపం మందు మీద ఎంతో, ఆజ్ఞ మీద అంత. ఆ ఫిబ్రవరిలోనే పోలీసులకి, సైన్యానికి పెట్టిన టీకా నిబంధన చెల్లదని హైకోర్టు తీర్పు చెప్పింది. టీకా మంచిది కాదని కోర్టు అనలేదు. ఆ ఆజ్ఞకి చూపించిన కారణం చాలదంది. తర్వాత రాయల్ కమిషన్ కూర్చుంది. 2024 నవంబరులో మొదటి నివేదిక ఇచ్చింది. మొదట్లో నిబంధనలకి అర్థం ఉందనీ, కానీ కొన్ని మరీ ఎక్కువమందికి, మరీ ఎక్కువ కాలం వర్తింపజేశారనీ, దానివల్ల జనంలో నమ్మకం దెబ్బతిందనీ చెప్పింది.

నమ్మకం దెబ్బతింటే దాని ఫలం ఎవరు అనుభవిస్తారు? పార్లమెంటు ముందు గుడారం వేసినవాళ్ళు కాదు. పసిపిల్లలు. కోవిడ్ టీకా మీద పుట్టిన కోపం, దానికి ఏ సంబంధమూ లేని, యాభై ఏళ్ళకి పైగా ప్రపంచమంతా వాడుతున్న తట్టు టీకా మీదకి జారింది. తట్టు ఆగాలంటే నూటికి 95 మందికి టీకా పడి ఉండాలి. ఈ దేశంలో రెండేళ్ళ పిల్లల్లో అన్ని టీకాలూ పడినవాళ్ళు ఇప్పుడు నూటికి 80 దగ్గర ఉన్నారు.

నూటికి 95 ఎందుకండీ, సగం మందికి పడితే సగం రక్షణ ఉంటుంది కదా అని ఒకాయన అడిగారు. వరి మడి గట్టు చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. గట్టు చుట్టూ గట్టిగానే ఉంటుంది. ఒక మూల ఎండ్రకాయ బొరియ పడుతుంది. మిగతా గట్టంతా ఎంత బాగున్నా సరే, తెల్లారేసరికి మడిలో నీళ్ళు ఉండవు. తట్టు కూడా ఆ బొరియనే వెతుక్కుంటుంది. టీకా పడనివాళ్ళు ఊరంతా తలా ఒకచోట ఉండరు. ఒకే స్కూల్లో, ఒకే గుడికి వచ్చేవాళ్ళలో, ఒకే బంధువర్గంలో, ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటారు. తట్టు వచ్చిన మనిషి ఒక గదిలోకి వచ్చి వెళ్ళిపోయినా, ఆ గాలిలో రెండు గంటల దాకా వైరస్ ఉంటుంది. ఒంటి మీద పేలకముందు నాలుగు రోజుల నుంచే అంటుకుంటుంది. ఉగాదికి హాల్లో మనమంతా కలిసినప్పుడు, ఎవరికి జబ్బు ఉందో ఆ మనిషికే తెలియదు.

ఇదేమీ దూరపు మాట కాదు. 2025లో వైరారపాలో తట్టు వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో వెల్లింగ్టన్ స్కూళ్ళకీ వచ్చింది.

అందుకని ఈ వారం ఒక్క పని చేయండి. ఒక్కటే. ఇంట్లో అందరికీ ఎంఎంఆర్ డోసులు ఎన్ని పడ్డాయో కాగితం మీద చూడండి. నోటి లెక్క కాదు. కాగితం.

ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఇక్కడ మన తెలుగువాళ్ళకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఇండియాలో ప్రభుత్వం మొదటి డోసు తొమ్మిదో నెలలో వేస్తుంది. న్యూజిలాండ్‌లో పన్నెండో నెలలో ఒకటి, పదిహేనో నెలలో ఒకటి. ఏడాది నిండకముందు వేసిన డోసుని ఇక్కడ లెక్కలోకి తీసుకోరు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా బిడ్డ ఒంట్లో మిగిలి ఉంటే, అది టీకా పనికి అడ్డుపడుతుంది. అందుకని. అంటే గుంటూరులోనో వరంగల్లులోనో తొమ్మిదో నెలలో ఒకటి, ఏడాదిన్నరకి ఒకటి వేయించుకుని వచ్చిన పిల్లకి, మన లెక్కలో రెండు డోసులు. ఇక్కడి లెక్కలో ఒకటే. ఇంకొకటి కావాలి. పైగా ప్రభుత్వ ఆస్పత్రిలో వేసేది ఎంఆర్. అందులో గవదబిళ్ళలకి రక్షణ లేదు. ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర మూడు డోసులు వేయించినవాళ్ళు ఉంటారు. వాళ్ళకి ఇబ్బంది లేదు. కార్డు చూపించి ఇక్కడి రికార్డులో ఎక్కించుకుంటే చాలు.

పెద్దవాళ్ళ సంగతి ఇంకా తమాషా. నలభై ఏళ్ళ వయసున్న మనలో చాలామందికి చిన్నప్పుడు పడితే పడింది తట్టుకి ఒకే ఒక్క డోసు. అదీ తొమ్మిదో నెలలో. ఆ కార్డు ఎక్కడుంది? అమ్మ పెట్టెలో ఉందో, మూడిళ్ళు మారినప్పుడు పోయిందో. ఫర్వాలేదు. 1969లో గానీ ఆ తర్వాత గానీ పుట్టి, రెండు డోసులు పడినట్టు కాగితం లేకపోతే, ఇక్కడి వైద్య సదుపాయానికి అర్హులైన పెద్దవాళ్ళకి ఎంఎంఆర్ ఉచితం. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి వీసా ఏదైనా ఉచితమే. పడిందో లేదో తెలియక మళ్ళీ వేయించుకుంటే నష్టం లేదు. ఒక డోసు ఎక్కువైతే ఏమీ కాదు.

ఒక్క జాగ్రత్త. గర్భిణులు ఈ టీకా వేయించుకోకూడదు. వేయించుకున్న నెల రోజుల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బిడ్డ కోసం అనుకుంటున్నవాళ్ళు అందుకే ముందుగా చూసుకోండి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవాళ్ళు కూడా డాక్టర్‌ని అడక్కుండా వెళ్ళొద్దు. వాళ్ళకి టీకా పడదు కాబట్టే చుట్టూ ఉన్న మనకి పడి ఉండాలి.

నర్సు దగ్గరకి వెళ్ళినప్పుడు మీ సందేహం దేని మీదో ఆ మాటే చెప్పండి. మందు మీద అయితే, ఇందులో ఏముంది, నా బిడ్డకి ఏం కావచ్చు అని అడగండి. చేతి మీద అయితే, సీసా మీద పేరు, గడువు తేదీ చూపించమనండి. ఎవరూ చిన్నబుచ్చుకోరు. చిన్నబుచ్చుకున్నా మీరు చూడండి. బలవంతం మీద అయితే, ఇంటికెళ్ళి ఆలోచించుకుని వస్తానని చెప్పండి. రావడం మాత్రం మానకండి.

డిసెంబరు సెలవులకి ఇండియా టికెట్లు కొన్నవాళ్ళకి ఆఖరి మాట. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఈ పని కానివ్వండి. ఏడాది నిండని బిడ్డని తీసుకెళ్తుంటే, ముందుగా అదనపు డోసు వేయాలా అని మీ జీపీ దగ్గర నర్సుని అడగండి. జీపీ లేనివాళ్ళు హెల్త్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. పగలూ రాత్రీ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు, ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు. నంబరు రాసుకోండి. 0800 611 116. మళ్ళీ చెబుతున్నాను, 0800 611 116.